విరగని చేతికి కట్టు

ఆగస్టు 4, సోమవారం

ఎవరూ రాలేదు.

మంచిదే. చీకటితో లేసి నెట్టు కట్టి, బాలుకు గాలి కొట్టి, ఆడపిల్లోళ్ల కోసం రోడ్డు చూసే పని తప్పింది. పాకాల మొత్తానికి నా అంత సుఖపడే మనిషి లేడు. ముందర సైకిలు షాపు, ఎనక నేను పడుకునే గది, దాని ఎనక బెల్లం గోడౌను గోడ, గోడ పక్కన ఖాళీ జాగా. ఆ జాగాలోనే ఇన్నేండ్లూ పిల్లోళ్లకు వాలీబాల్ నేర్పించినాను. నేర్పించమని ఎవరూ అడగలేదు. వద్దని కూడా అనలేదు, ఆ గుడ్ల గలాటా దాకా.

గుడ్ల సంగతి ఈడ రాసి పెట్టుకుంటా. లేకుంటే రేపు నేనే మార్చి చెప్పుకుంటాను. వేళ్లతో బాలు తీసుకునేటప్పుడు చేతులు మెత్తగా ఉండాల. అది నోటితో చెప్తే బుర్రకెక్కదు. అందుకని ఒకరు కోడిగుడ్డు ఎగరేస్తే ఇంకొకరు వేళ్లతో పట్టమంటాను. చెయ్యి బిగిస్తే గుడ్డు పగులుతాది. రూపశ్రీ అనే పిల్ల భయపడతావుంటే "ఉడకబెట్టిందేలేమ్మే" అన్నాను. ఉడకబెట్టింది కాదు. యూనిఫారం, జడ, రిబ్బను అంతా సొన. అందరూ నవ్వినారు. రూపశ్రీ కూడా నవ్వింది. వాళ్లమ్మ నవ్వలా. షాపు ముందర నిలబడి నా వంశాన్నంతా తిట్టింది. నా వంశమంటే నేనొక్కడినే కాబట్టి అంతా నాకే తగిలింది.

అదే టైముకు హైస్కూలుకు గిరిప్రసాద్ అని కొత్త డ్రిల్లు సారు వచ్చినాడు. పిల్లోళ్లందరూ పొద్దున పూట ఆయన కాడికే పోతాండారు. పోనీ.

ఆగస్టు 5

ఈ పొద్దు కూడా ఎవరూ రాలేదు. గోడ మీదికి కొట్టినా. ఎంత గట్టిగా కొడితే అంత గట్టిగా తిరిగి ఇస్తాది. నోరు మాత్రం లేదు దానికి.

ఆగస్టు 8, శుక్రవారం

బడి పక్కన ఏదో పనుంటే పోయినాను. కాంపౌండు గోడ మీద గడ్డం ఆనించి చూసినా.

ఆరెంజి రంగు టోపీలు నేల మీద వరసగా పెట్టినాడు. కోన్లంట. పిల్లోళ్లు వాటి మధ్యలో వంకర టింకరగా పరిగెత్తాల. ఈల వేస్తే నిలబడాల, ఇంకో ఈలకు వెనక్కి రావాల. ఒంగేది మాత్రం ఎవరికీ నేర్పించలా. హేమశ్రీ కూడా నిటారుగా నిలబడి బాలు తీసుకుంటాండాది, బస్సు కోసం చూసే మాదిరి.

నా కాడ ఉన్నప్పుడు అట్లుండేది కాదు. రెండు గుంజలకు పాత సైకిలు ట్యూబు లాగి కడతాను, పిల్లోళ్ల నెత్తి కంటే రవంత కింద. దాని కింద మోకాళ్లు వంచి, అడుగు మీద అడుగు పడకుండా పక్కకు జరగాల. లేచినారా, ట్యూబు నెత్తికి తగులుతాది. హేమశ్రీ తొమ్మిదో తరగతి పిల్ల. మొదట్లో దానికి ఆ ట్యూబు తగలని రోజు లేదు. తరువాత ట్యూబు తీసేసినా లేచేది కాదు. నడిచేటప్పుడు కూడా ఒంగే నడుస్తాండాదని వాళ్ల అవ్వ అలివేలమ్మ నన్ను తిట్టింది.

ఆ పిల్ల నన్ను చూసింది. చూడనట్టు నేను తల దించుకున్నా.

ఆగస్టు 9

పొద్దున్నే బడికి పోయి ఆ కోన్లన్నిటికీ పసుపు పూసి, కుంకం పెట్టి, ఒక్కోదాని ముందర ఒక్కో నిమ్మకాయ కోసి పెట్టొచ్చినా. వాచ్‌మెను భయపడి లోపలికి అడుగే పెట్టలేదంట. పిల్లోళ్లు గేటు కాడనే నిలబడి గోవిందా గోవిందా అన్నారంట.

గిరిప్రసాద్ సారుకు కోపం రాలేదంట. నవ్వి, ఫోటో తీసుకుని, నిమ్మకాయలు పిండి పిల్లోళ్లందరికీ రసం కలిపిచ్చినాడంట.

కోపం రాని మనిషిని ఏం చేసేది?

ఆగస్టు 13, బుధవారం

ఎదురుగా టీ అంగడి మునిరామయ్యతో:

"ఏమప్పా ఢిల్లీబాబూ, కోర్టులో గడ్డి మొలిచింది. మేకల్ని తోలుకోని రమ్మంటావా?"

"తోలుకోని రా. వాటికన్నా నేర్పిస్తా. నీ కంటే బిరీన నేర్చుకుంటాయి."

"నీకేంలే. పెండ్లామా, పిల్లలా? పొద్దు పోను ఒకరిని ఎగతాళి చేసేది, పడుకునేది."

"అదేమన్నా సులువు అనుకుంటివా? నువ్వు ఒకరోజు చేసి చూడు."

నవ్వినాడు. నేనూ నవ్వినా. టీ చల్లగా ఉండింది. పోయేటప్పుడు చెప్పి పోయినా. ఈసారి వేడిగా ఇస్తానన్నాడు. ఈ పొద్దు నాతో ఎవరన్నా మాట్లాడినారంటే ఇదే.

ఆగస్టు 15

బడిలో జెండా. మైకు ఇంటి దాకా వినపడింది.

ఆగస్టు 18, సోమవారం

ఒక ఉపాయం తట్టింది. శానా రోజులకు ఒక మంచి ఉపాయం. నాలో నేనే నవ్వుకున్నా.

చెయ్యి విరిగిందని ప్లాస్టరు వేసుకుంటే ఈ జిల్లాలో ఎవరూ ఊరుకోరు. ఎక్సరే చూపించు, ఏ డాక్టరు, యాడ అని పీకుతారు. పుత్తూరు నాటు కట్టు చూస్తే ఏమీ అడగరు. "అయ్యో" అంటారు, అంతే. ఆ కట్టుకు అంత మర్యాద. చిన్నప్పుడు కాలు విరిగి నేనూ కట్టించుకున్నోడినే. ఎట్లుంటాదో నాకు తెలీదా?

పాత పంచె చించినా. వెదురు బద్దలు చీల్చినా. గుడ్డు సొనలో పెరట్లో ఆకు ఏదో నూరి కలిపి, గుడ్డ తడిపి, కుడిచేతికి మోచేయి దాకా చుట్టినా. ఎడంచేత్తో కట్టేది, పండ్లతో ముడేసేది, అబ్బా, నిజంగా విరిగినోనికి కూడా ఇంత కష్టం ఉండదు.

ఆరినాక అద్దంలో చూసుకున్నా. నాకే నా మీద జాలి వేసింది.

ఆగస్టు 19

బజారంతా "అయ్యో".

మునిరామయ్యకు ఎద్దు పొడిచిందని చెప్పినా. పోస్టుమానుకు నిచ్చెన జారిందని చెప్పినా. పూలమ్మేయామెకు మాత్రం గుడి మెట్ల మీద అని చెప్పినా. అందరికీ ఒకటే చెప్తే ఏం పస?

సాయంత్రం బడి విడిచినాక హేమశ్రీ, రూపశ్రీ వచ్చినారు.

"మామా, ఏమైంది?"

"గోడ మీదికి బాలు కొడతా పడినా."

"ఒకడివేనా?"

"గోడ ఉండాది కదా."

రూపశ్రీ నవ్వింది. హేమశ్రీ నవ్వలా. కట్టు వాసన చూసి, "గుడ్డు" అనింది.

"పుత్తూరు కట్టులో గుడ్డు లేకపోతే యాడుంటాదే?"

"నొప్పిగా ఉండాదా మామా?"

"ఉండాది" అన్నాను.

ఆగస్టు 20

వచ్చినారు!

హేమశ్రీ షట్టరు ఎత్తింది. రూపశ్రీ ఎవరిదో సైకిలుకు గాలి కొట్టింది, ట్యూబు పగిలేదాకా కొట్టింది. ఇంకొందరు పిల్లోళ్లు కూడా చూసి పోదామని వచ్చి, జాగాలో గడ్డి చూసి, గమ్మున ఉండలేక పీకినారు. గడ్డి పీకినాక ఊరికే ఎందుకని నెట్టు కట్టినారు.

ఆగస్టు 24, ఆదివారం

ఇట్లాంటి వారం నాకు మళ్లీ రాదు.

నేను బాలు ఎగరేసేదానికి లేదు కదా, అందుకని స్టూలు వేసుకుని కూర్చుని అరుస్తాండా. "కాళ్లు ముందు, చేతులు తరువాత! బాలు నీ కాడికి రాదు, నువ్వే దాని కాడికి పో! చేతులు ఊపొద్దు, భుజం నుంచి తోసెయ్! అదేందే, దోసెలు తిప్పతాండావా?" పిల్లోళ్లు ఒకరికొకరు ఎగరేసుకుంటాండారు. నేను ఎగరేసేటప్పటి కంటే బాగానే చేస్తాండారు. ఆ సంగతి వాళ్లకు చెప్పలా.

అలివేలమ్మ సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పంపించింది. ఎడంచేత్తో తినేది చూడలేక హేమశ్రీ స్పూను ఇచ్చింది. నాకు ఎదురుగా కూర్చుని, తినేదాకా లేవలా. నేను తినేటప్పుడు ఎదురుగా ఒకరు కూర్చుని ఎన్నాళ్లయిందో! అన్నం ఎట్ల నమలాలో కూడా మరిచిపోయినట్టు అయింది.

ఒకటే బాధ, కట్టు లోపల దురద. సైకిలు ఊచ పెట్టి గోక్కుంటాండా.

ఆగస్టు 28, గురువారం

గిరిప్రసాద్ సారు వచ్చినాడు. చిన్న వయసు, బూట్లు, మెళ్లో ఈల. షాపులో నా స్టూలు ఇచ్చినా. ఒక కాలు పొట్టి ఉన్న స్టూలు. ఊగినాడు, పడలా.

"ఎట్లుందండీ చెయ్యి?"

"ఉండాది సార్. చేయి మాదిరే ఉండాది."

"హేమశ్రీ నా ప్రాక్టీసుకు రావడం లేదు. 'మామకు ఎవరూ లేరు సార్, నేను పోవాల' అంటుంది. వచ్చే వారం శనివారం తిరుపతిలో జిల్లా సెలక్షన్లు. ఆ అమ్మాయి ఒంగడం ఎవరు నేర్పించారో కానీ అట్లా ఎవరూ తీసుకోలేరు. కానీ ఒక్కత్తే ఆడితే చాలదు కదా. ముగ్గురు వరసలో నిలబడి సర్వీసు తీసుకోవాలి. బాలు ఎవరిదో అరిచి చెప్పాలి, పక్కనోళ్లకు వదలాలి. అది టీముతోనే వస్తుంది."

"నిజమే సార్."

"మీరు చెప్తే వింటుంది. మీరు కూడా రండి. ట్యూబు కడదాం. పిల్లలు చెప్పారు, నాకు ఆ పద్ధతి నచ్చింది."

"ఆడ వాచ్‌మెను నన్ను రానియ్యడు సార్. నిమ్మకాయలు గుర్తొస్తాయి వానికి."

నవ్వినాడు. మంచోడు. మంచోళ్లతో ఇదే కష్టం.

చెప్తానన్నాను.

ఆగస్టు 29

చెప్పలా. మరిచిపోయినా.

ఆగస్టు 30

పొద్దున చెప్దామనుకునేసరికి హేమశ్రీ వేడి వేడి జావ తెచ్చింది. జావ తాగేటప్పుడు ఎట్ల చెప్పేది? రేపు చెప్తా.

ఆగస్టు 31, ఆదివారం

ఈ పొద్దు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తా.

రెండో కట్టు వేయించకపోతే ఎముక వంకర పోతాదని అలివేలమ్మ పట్టుబట్టింది. అది ఈ పక్క అందరికీ తెలిసిందే, మొదటి కట్టు తీసి మళ్లీ కట్టించుకోవాల. నాకు గుర్తే లేదు! పనుండాదంటే వినలా. జ్వరమంటే నుదురు పట్టుకుని చూసింది. "నువ్వు తోడు పోవే, వీడు దారిలో దిగిపోయినా పోతాడు" అని హేమశ్రీని నాతో పంపించింది. ఆదివారం టీము ప్రాక్టీసు ఆ పిల్లకు. నోరు తెరిచి చెప్పలా నేను.

తిరుపతిలో బస్సు మారి పుత్తూరు పోయినాము. బస్సులో కుడిపక్క ఎవరూ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఆడ ఎంత జనం! తమిళం మాట్లాడేవాళ్లు, కర్ణాటక వాళ్లు, మంచాల మీద మోసుకొచ్చినోళ్లు. ఒక ముసలాయన తుంటి విరిగి అరుస్తాండాడు. ఇంకొకామె చంకలో చంటిబిడ్డ, బిడ్డ చెయ్యి సగానికి వేలాడతాండాది. వాళ్ల మధ్యలో నేను, బలమైన ఎముకతో, వరసలో. "మా మామను ముందు చూడండి, శానా దూరం నుంచి వచ్చినాము" అని హేమశ్రీ అందరినీ బతిమాలుకుంటాండాది. పరిగెత్తుదామనుకున్నా.

కట్టు కట్టే పెద్దాయన నా చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. హేమశ్రీ నీళ్లు తెచ్చేదానికి పోయింది, అదొక్కటే దేవుడు చేసిన మేలు. గుడ్డ విప్పుతా ముడి చూసినాడు. పంటి గాట్లు చూసినాడు.

"ఈ కట్టు ఎవరు కట్టినారు?"

"మా ఊళ్లో ఒకాయన."

బొటనవేలు పెట్టి మణికట్టు నుంచి మోచేయి దాకా మెల్లగా జరిపినాడు. "నొప్పి యాడ?"

మధ్యలో చూపించినా. ఆడనే గట్టిగా నొక్కినాడు. అరవాల్సింది. అరిచేది మరిచిపోయినా.

నా మొగం చూసినాడు. తిడతాడనుకున్నా. అంతమంది ముందర తిట్టింటే బాగుండేది, నేనూ ఏదో ఒక మాట ఎదురు అనుండేవాడిని.

"ఇంట్లో ఎవరెవరు ఉండారు?" అన్నాడు.

"ఎవరూ లేరు."

నూనె రాసి, కొత్త గుడ్డ తీసుకుని, విరగని నా చేతికి, విరిగినోళ్లకు ఎట్ల కడతారో అంత పదిలంగా కట్టినాడు. హేమశ్రీ చెంబుతో వచ్చేసరికి ఆ పిల్లకు చెప్పినాడు: "ఎముక పర్వాలేదమ్మా. మనిషిని మాత్రం ఒంటరిగా వదలొద్దండి."

బస్సులో వచ్చేటప్పుడు హేమశ్రీ కిటికీలో నుంచి చూస్తా అనింది: "మామా, నేను సెలక్షన్లకు పోను."

"ఎందుకే?"

"పోతే నాలుగు రోజులు పొద్దున, సాయంత్రం సారు కాడనే ఉండాల. ఎంపికైతే క్యాంపు అంటారు. నీకు ఎవరుండారు?"

నాలో ఎవడో ఒకడు సంతోషపడినాడు. ఈ ఒక్క వాక్యం రాసేదానికి ఎంతసేపు కూర్చున్నానో!

సెప్టెంబరు 1, సోమవారం

ఈ పొద్దు నా జన్మలో చేసిన ఎగతాళి అన్నిట్లోకీ పెద్ద ఎగతాళి చేసినా. పిల్లోళ్లందరూ వచ్చినాక, కోర్టు మధ్యలో నిలబడి కట్టు విప్పినా. సినిమాలో మాదిరి. గుడ్డ విప్పి నెట్టు మీద వేసినా, బద్దలు ఇసిరేసినా. వేళ్లన్నీ ఆడించి చూపించినా.

"చూసినారా? ఎట్ల బోల్తా పట్టించినా! ఊరు ఊరంతా పట్టించినా! పుత్తూరు దాకా తీసుకుపోయి పట్టించినా!"

బాలు తీసుకుని, ఆ చేత్తోనే, బలం కొద్దీ, హేమశ్రీ మీదికి సర్వీసు కొట్టినా.

తీసుకునింది. మొగంలో నెత్తురు చుక్క లేదు, అయినా మోకాళ్లు వంగినాయి, చేతులు కలిసినాయి. బాలు మెత్తగా లేచి ఎక్కడ పడాలో ఆడనే పడింది. అంత బాగా ఎప్పుడూ తీసుకోలేదు.

ఎవరూ నవ్వలా. నేనొక్కడినే నవ్వినా, శానాసేపు.

"అవ్వ నీ చేతి కోసం అలిపిరి కాడ టెంకాయ కొడతానని మొక్కుకోనుండాది" అనింది హేమశ్రీ. అరవలా. అరిచింటే సర్దిచెప్పుండేవాడిని.

"కొట్టమను. నాకు సగం చిప్ప పంపించమను."

బ్యాగు తీసుకుని పోయింది. మిగతా పిల్లోళ్లూ పోయినారు. బడి దిక్కే పోయినారు, అది చూసినా. సారు కాడికే.

బాగా పండింది. ఎట్ల అనుకున్నానో అట్లే పండింది.

సెప్టెంబరు 2

చెయ్యి తేలిగ్గా ఉండాది. ఏమీ లేనట్టు.

సెప్టెంబరు 4, గురువారం

మునిరామయ్య టీ ఇయ్యలా.

"నీకు లేదు పో. ఎద్దు పొడిచిందంటివి. నేను ఆ ఎద్దును వెతుక్కుంటా పోయి దాని ఆసామితో కొట్లాడినాను!"

"నీ మొగం చూసి ఎద్దు ఒప్పుకోలేదా?"

"నవ్వు. నవ్వు. రేపు నువ్వు నిజంగా పడి సచ్చినా ఎవరూ రారు."

దానికి కూడా ఒక జవాబు ఉండింది నా కాడ. చెప్పలా. సోడా తాగి వచ్చినా.

బడి పక్కన పనుండి పోయినా. హేమశ్రీ ముగ్గురిలో మధ్యలో నిలబడి "నాది! నాది!" అని అరుస్తాండాది. ఎవరి మీదో కసితో ఆడే మాదిరి ఆడతాండాది. రూపశ్రీకి బాలు వదిలేటప్పుడు కూడా చూసి వదలతాండాది. ఆ వదిలేది నేను నేర్పించలా. గోడతో అది నేర్పించేదానికి కాదు.

సెప్టెంబరు 6, శనివారం

సెలక్షన్లు. నేను పోలా. షాపు ఉండాది.

అదే రోజు, సాయంత్రం

అలిపిరి దాకా పోయి దండం పెట్టుకోనొస్తానని పక్కంగడి వాళ్లకు చెప్పి, తిరుపతి బస్సెక్కినా. అలిపిరికి పోలా. గ్రౌండు బయట చెరకురసం బండి ఎనక నిలబడినా. ఆడి నుంచి నెట్టుకు అవతలి పక్క సగమే కనపడింది. ఆ సగంలోనే హేమశ్రీ ఉండింది.

యాడి నుంచి వచ్చిందో, ఒక పొడుగు పిల్ల సర్వీసు రాయి మాదిరి కొడతాండాది. అందరూ వదిలేస్తాండారు. హేమశ్రీ వదల్లా. ఒంగే ఉండింది. పేర్లు రాసుకునే పెద్దమనిషి రాసేది ఆపి ఒకసారి తల ఎత్తినాడు.

పేర్లు చదివినారు. హేమశ్రీ పేరు చదివినారు. పిల్లోళ్లు ఎగిరినారు, సారు ఈల వేసి వేసి దగ్గినాడు. ఫోటో తీసేటప్పుడు హేమశ్రీ ఫోన్ను చూడకుండా చుట్టూరా చూసింది. బండి చక్రం వదులయినట్టు కనపడితే ఒంగి చూసినా. బాగానే ఉండింది చక్రం.

వాళ్లు ఎక్కిన బస్సు పోనిచ్చి, తరువాత బస్సుకు వచ్చినా.

సెప్టెంబరు 13, శనివారం

హేమశ్రీ వచ్చింది. సైకిలు లేదు, బాలు లేదు. షాపు ముందర నిలబడింది. నేను పంచరు చూస్తాండా. నీళ్ల తొట్టిలో బుడగలు రాని ట్యూబును ముంచతానే ఉన్నా.

"రేపు క్యాంపుకు పోతాండా."

"మంచిది. పో."

"తిరుపతిలో చెరకురసం బండి ఎనక ఎవరో నీ మాదిరి ఒకాయన ఉన్నాడు."

"నేను కాదు."

"నువ్వు కాదులే. నువ్వయితే రెండు చేతులూ బాగానే ఉండాయి కదా, చప్పట్లు కొట్టింటావు."

తల ఎత్తలా నేను. ఎత్తితే నా మొగంలో ఏమన్నా కనపడతాదని.

"టెంకాయ కొట్టేసింది అవ్వ" అనింది. "చెయ్యి బాగయింది కదా, మొక్కు మొక్కే అనింది. కోపంగానే కొట్టింది." ఇంకొంచెంసేపు నిలబడి, "సారు ట్యూబు కట్టినాడు. కిందికి కట్టమంటే పైకి కట్టినాడు, పైకి కట్టమంటే తెంపినాడు. చిన్న పిల్లోళ్లందరూ నిటారుగానే ఉండారు. నీ ఇష్టం. నాకేం?" అనింది.

పోయింది. నాకు తెలిసినంతలో ఆ పిల్ల నాకు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలా, ఆ "నాకేం" తప్ప.

సెప్టెంబరు 15, సోమవారం

షాపు ఆలస్యంగా తెరిచినా.

వాచ్‌మెను బడి గేటు కాడ నా జోబులు తడిమి చూసినాడు, నిమ్మకాయలు ఉండాయేమోనని. సారు ట్యూబు నా చేతికిచ్చినాడు. రూపశ్రీ నన్ను చూసి పది గజాలు దూరం జరిగి నిలబడింది. ఆరో తరగతి పిల్లోళ్లు, నా పేరు కూడా తెలియదు వాళ్లకు, "ఎవరీ తాత?" అన్నారు. తాతంట! ట్యూబు కట్టినా. చూపిస్తే గానీ చెయ్యరు కాబట్టి నేనే దాని కింద ఒంగి, ఈ చివర నుంచి ఆ చివర దాకా జరిగినా. ఎవరూ నవ్వలా, చప్పట్లూ కొట్టలా. ఎనక నుంచి ఒక్కొక్కరే ఒంగి వచ్చినారు.

షాపుకు వచ్చేసరికి మునిరామయ్య అరిచినాడు: "పొద్దున్నుంచి జనాలు వచ్చి పోతాండారు. యాడ సచ్చినావు?"

"బడికి పోయింటి."

"నువ్వా? బడికా?" నవ్వి నవ్వి చేతిలో గ్లాసు ఒలకబోసుకున్నాడు. "ఈసారి ఎవరిని పట్టించేదానికి అప్పా?"

నిజమే చెప్పినా. నమ్మలా. నవ్వు ఆగినాక టీ మాత్రం ఇచ్చినాడు.

మోకాళ్లు రెండూ నొప్పిగా ఉండాయి. నిజంగానే. ఎవరికీ చెప్పలా.